ఎవడి బండి నెమ్మది?

కొండ రోడ్డుకి ఇంకో లైను కావాలని మేం ఏడాది పొడుగునా అరిచాం. అరిచాం, కూర్చున్నాం, పడుకున్నాం, రోడ్ల ఆఫీసు గేటు ముందు పొయ్యి పెట్టి వండుకు తిన్నాం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ ఆఫీసు అడిగినా పెట్టదు, పీక మీద కూర్చుంటే పెడుతుంది. చివరికి పెట్టింది. కొండ పక్క చెక్కి, ఎడమవైపు కొత్తగా తారు పోసి, తెల్ల గీత గీసి, ఇంతెత్తు బోర్డు పాతి పోయింది. బోర్డు మీద ఇలా రాసింది: "నెమ్మదిగా వెళ్ళు వాహనములు ఎడమ లైనులో వెళ్ళవలెను."

ఆ మర్నాటి నుంచి ఒక్క లారీవాడు కూడా ఆ లైనులోకి పోలేదు.

ఎందుకు పోతారు? మా దగ్గర నెమ్మది బండి అనేదే లేదు. ఎవణ్ణడిగినా లేదు. అందరివీ గుర్రాలే.

ముందు కొండ సంగతి చెప్పాలి. కింద గోదాములు, పైన ఊరు. పైన ఊరు తినే మెతుకూ, కట్టే ఇటుకా మా లారీల మీద ఎక్కాల్సిందే. ఎక్కడానికి ఒక లైను, దిగడానికి ఒక లైను ఉండేవి. మూడో మలుపు నుంచి నిట్టనిలువు ఎత్తు. అక్కడ లోడు లారీ నడిచే మనిషితో పోటీ పడుతుంది, ఒక్కోసారి మనిషే గెలుస్తాడు. వెనకాల కార్లు చీమల బారులా తోక కట్టేవి. హారన్లు, తిట్లు, అద్దాల్లోంచి చేతులు. ఓపిక చచ్చినవాడొకడు మలుపని కూడా చూడకుండా దాటబోయేవాడు, ఎదురుగా దిగే బండి కీచుమనేది, చూసినవాళ్ళ ప్రాణాలు పైకి పోయి తిరిగొచ్చేవి. కార్లవాళ్ళు అర్జీలు పెట్టారు. ఆఫీసు బాగా ఆలోచించి తన బుర్రకి తగిన మందు కనిపెట్టింది. పగలు లోడు లారీలు కొండెక్కకూడదు, రాత్రి ఎక్కాలి అని ఒక కాగితం తయారు చేసి పెట్టుకుంది. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

అప్పుడు లేచాం మేం. లారీ డ్రైవర్ల సంఘానికి నేను కార్యదర్శిని. చదివింది తక్కువ, అరిచేది ఎక్కువ కాబట్టి ఆ పదవి నాకిచ్చారు.

గెలిచాం గానీ సగమే గెలిచాం. ఆ లైను గీయించిన ఇంజనీరమ్మ వచ్చి మా అందరి ముందూ చెప్పింది.

"వానలు వెళ్ళేదాకా గడువన్నా. పెద్దాఫీసరు ఏదో ఒకరోజు చెప్పకుండా వస్తారు. లారీలు ఎడమ లైనులో, కార్లు కుడి లైనులో సాఫీగా పోతుంటే ఈ లైను ఉంటుంది. లేకపోతే పగటి నిషేధం వచ్చేస్తుంది. ఆయనతో పోట్లాడి తెచ్చాను. నా పరువు తియ్యకండి."

"మీ పరువుకేం తల్లీ! లైను కిటకిటలాడిపోతుంది చూడండి," అన్నాను. నా నోటికి తాళం లేదు.

కిటకిటలాడింది, కార్లతో. మా లారీలన్నీ కుడి లైనులో దేకుతూ పోతుంటే, కార్లన్నీ ఎడమనున్న నెమ్మది లైనులో రయ్యిన దూసుకుపోయేవి. బోర్డు రాసినవాడు చూస్తే గుండె పట్టుకునేవాడు.

ఒక్క లారీ మాత్రం మొదటి రోజు నుంచీ ఎడమ లైనులోనే వెళ్ళింది. అది మా వదినది.

గుడ్ల లారీ. ముసలి బండి, వెడల్పు ముఖం, ఆకుపచ్చ రంగు. మేం బొద్దమ్మ అంటాం. కొన్నది మా అన్నయ్యే. కొన్నాక తెలిసింది, మూడో మలుపు దాటితే అన్నయ్యకి కడుపులో తిప్పుతుందని. నాలుగైదు సార్లు కొండంతా కక్కుకుంటూ ఎక్కాక స్టీరింగు వదిన చేతిలో పెట్టి ఇంట్లో వంటిల్లు చేతిలోకి తీసుకున్నాడు. ఇద్దరికీ లాభమే. వదిన చేతి కూర తిన్నవాళ్ళెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. స్టీరింగు పట్టిందంటే మాత్రం ఆమె మనిషే వేరు. పాడుతుంది. రోడ్డు పక్క కుక్కల్ని పేరు పెట్టి పలకరిస్తుంది. ట్రేలకొద్దీ గుడ్లు కొండెక్కించి, పగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేలా దించుతుంది.

కానీ రెండేళ్ళుగా వదినకి చీకటి పడితే చూపు ఆనదు. ఎదురు బండి లైట్లు పడితే రోడ్డంతా తెల్లటి గుడ్డ పరిచినట్టు అయిపోతుందట. కళ్ళ డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. పొద్దు గూకాక స్టీరింగు ముట్టుకోవద్దు, దీనికి మందు లేదు. పగలు ఏ ఇబ్బందీ లేదు. అంటే పగటి నిషేధం వస్తే మాకందరికీ నిద్ర పోతుంది. ఆమెకి బండే పోతుంది.

ఈ సంగతి అన్నయ్యకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను దాన్ని మీటింగులో చెబుదామనుకున్నాను. ఎంత మంచి ఆయుధం! ఒక ఆడమనిషి, ఒక బండి, రెండు కళ్ళు. మైకు ముందు చెబితే జనం ఊగిపోరూ?

వదిన గరిటె తీసుకుంది. "నా కళ్ళ సంగతి మైకులో చెప్పావో, నీ పళ్ళ సంగతి చెప్పుకోవాల్సొస్తుంది మరిదీ."

"అది కాదు వదినా..."

"ఏది కాదు? ఆడది లారీ నడుపుతుందంటేనే ఇన్నాళ్ళూ నవ్వారు. ఇప్పుడు కళ్ళు లేని ఆడది నడుపుతోందని నవ్వాలా? నోరు మూసుకుని అన్నం తిను."

తిన్నాను. అన్నయ్య వండాడు కాబట్టి బాగానే ఉంది.

కాబట్టి నాకు మిగిలిన ఆయుధం ఉపన్యాసం ఒక్కటే. కొండ కింద బాబాయి టీ కొట్టు దగ్గర లారీలన్నీ ఆగుతాయి. అక్కడ బల్ల ఎక్కాను.

"ఒరేయ్ అన్నలారా, తమ్ములారా! మనమే అడిగాం, మనమే తెచ్చుకున్నాం. ఇప్పుడు కొత్త చెప్పులు కొనుక్కుని చంకలో పెట్టుకు నడుస్తున్నాం. సిగ్గు లేదూ?"

"లైను అడిగింది నెమ్మది బండ్ల కోసం," అన్నాడు ఇసుక లారీ నడిపేవాడు. "నెమ్మది బండ్లవాళ్ళు పొమ్మను."

"ఎవరు వాళ్ళు?"

అందరూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత అందరూ రాకెట్టు వైపు చూశారు.

రాకెట్టు సిమెంటు లారీ డ్రైవరు. అసలు పేరు వాడి పెళ్ళానికైనా గుర్తుందో లేదో. రెండు వైపులా మెలితిప్పిన మీసం, బండి నుదుటి మీద ఎర్రటి రాకెట్టు బొమ్మ. బండి మాత్రం సిమెంటు బస్తాలు వేసుకుని మూడో మలుపు ఎక్కుతుంటే పురిటి నొప్పులు పడుతున్న గేదెలా మూలుగుతుంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని వీణ్ణి చూసే అని ఉంటారు. మా కొండ మీద ఫస్టు గేరు వేస్తే పరువు పోయినట్టే. వీడు ఇరవయ్యేళ్ళుగా సెకండు గేరులోనే ఎక్కుతున్నానని చెప్పుకుంటాడు. మూడో మలుపు దగ్గర ఫస్టు గేరు పడిన చప్పుడు వినపడకుండా హారన్ కొడతాడని అందరికీ తెలుసు.

"నా వైపు చూస్తారేంట్రా?" అని లేచాడు రాకెట్టు. "నా బండి నెమ్మదా? ఇదిగో, ఈ మీసం మీద చెయ్యేసి చెబుతున్నా. నేను ఆ గీత దాటి ఎడమకి వెళితే ఈ మీసం తీసేస్తా!"

ఈలలు, చప్పట్లు. నా ఉపన్యాసానికి పడాల్సిన చప్పట్లు. వాళ్ళంతా మీసాలు దువ్వుకుంటూ కుడి లైనులోకే పోయారు. మీసాలు లేనివాళ్ళు కూడా.

కథ మలుపు తిరిగింది నా వల్ల కాదు. ఒక టీ గ్లాసు వల్ల.

ఎడమ లైనులో ఒంటరిగా పోతున్న వదినకి వెనక హారన్లు లేవు. ఎవరికీ దారి ఇవ్వక్కర్లేదు, ఎవడో అడ్డమొచ్చి బ్రేకు తొక్కక్కర్లేదు. ఒకే గేరులో, ఒకే పాటలో పైకి వెళ్ళిపోవచ్చు. కార్లు ఏవైనా ఆ లైనులో వెనక చేరినా, బొద్దమ్మని చూసి వాళ్ళే కుడికి తప్పుకునేవారు. ఒకరోజు టీ తాగే తీరిక లేక గ్లాసు పట్టుకునే బండెక్కింది. బొద్దమ్మ పాతకాలం లారీ, ఇంజను డ్రైవరు పక్కనే ఉంటుంది, పైన రేకు పెట్టె మూత. ఎత్తు ఎక్కేటప్పుడు అది పొయ్యిలా కాలుతుంది. దాని మీద తడిగుడ్డ చుట్ట చుట్టి, చుట్టలో గ్లాసు కూర్చోబెట్టింది. కొండ పైకి చేరేసరికి టీ ఒక్క చుక్క ఒలకలేదు, పైగా పొగలు కక్కుతోంది. పైన మార్కెట్టు మెట్ల మీద కూర్చుని, కింద ఊరంతా కనిపిస్తుంటే, తాపీగా తాగింది. రోజూ అదే అలవాటు చేసుకుంది.

నాలుగు రోజులకి బాబాయి మొత్తుకున్నాడు. "గ్లాసులన్నీ కొండ మీదకి పోతున్నాయి! ఎవరమ్మా ఎత్తుకుపోతున్నది?"

"నేనే బాబాయ్. టీ పైన తాగుతున్నా. గ్లాసులు రేపు దించుతా."

"నిండు గ్లాసుతో కొండెక్కుతావా?" అని రాకెట్టు నవ్వాడు. "అక్కా, గుడ్లు మోసీ మోసీ కబుర్లు కూడా కోడిలా పెడుతున్నావు."

"నువ్వు ఎక్కించు తమ్ముడూ చూద్దాం."

"అదెంత పని!"

రాకెట్టు బుద్ధిమంతుడే, ఆ రోజు తప్పించుకున్నాడు. ఇరుక్కున్నది పాల వ్యాను నడిపే బావ. మాకందరికీ బావే. పందెం అంటే ముందుంటాడు. వేలెడు తక్కువగా నింపిన గ్లాసు ముందు పెట్టుకుని కుడి లైనులో బయల్దేరాడు. మూడో మలుపు దగ్గర ఒక కారు ఎడమ నుంచి వచ్చి ముందుకి దూరింది. బావ బ్రేకు తొక్కాడు. గ్లాసు ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది. ఆ రోజంతా బావ కాళ్ళు ఎడంగా పెట్టుకుని నడిచాడు.

"ఏం బావా, గుర్రం ఎక్కినట్టున్నావు?" అని అడగనివాడు లేడు.

మర్నాడు బావ కసి మీద వచ్చాడు. తడిగుడ్డ చుట్ట తెచ్చుకున్నాడు. ఎవరూ చూడట్లేదనుకుని తెల్ల గీత దాటి ఎడమ లైనులో ఎక్కాడు. గ్లాసు నిండుగా పైకి చేర్చాడు. పైన మెట్ల మీద వదిన పక్కన కూర్చుని, గ్లాసులో వేలు ముంచి అందరికీ చూపించాడు.

"ఎడమ లైనులో వచ్చావా బావా?" అని అడిగాను, నోరు ఊరుకోక.

"నేను నెమ్మది లైనులో రాలేదు," అన్నాడు బావ కళ్ళెర్రజేసి. "టీ లైనులో వచ్చా."

ఆ మాటతో తలుపు తెరుచుకుంది. ఇసుక లారీ వచ్చింది. కూరగాయల లారీ వచ్చింది. గ్యాసు సిలిండర్ల లారీవాడు వచ్చాడు. ఎవరూ తమ బండి నెమ్మదని ఒప్పుకోలేదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. అందరూ టీ కోసం వెళ్తున్నారు. మెట్ల మీద సాయంత్రాలు సభలయ్యాయి. ఎవడి గ్లాసు ఎంత నిండుగా చేరిందో వేలు ముంచి తేల్చేవారు. గెలిచినవాడికి అందరూ ఒకేసారి హారన్ కొట్టేవారు. ఇన్నాళ్ళూ ఎంత జోరుగా ఎక్కామా అని కొట్టుకు చచ్చినవాళ్ళు, ఇప్పుడు ఎంత మెత్తగా ఎక్కామా అని కొట్టుకు చస్తున్నారు. ఫస్టు గేరు వెయ్యడం పరువు తక్కువ కాదు, కళ అయిపోయింది. మీసాలు దువ్వే చేతులు గుడ్డ చుట్టలు చుట్టడం నేర్చుకున్నాయి.

నాకు ఒళ్ళు మండింది. నిజమే చెబుతున్నా. ఏడాది పొడుగునా న్యాయం, హక్కు, ఐకమత్యం అని గొంతు చించుకుంటే కదలని మనుషులు టీ గ్లాసుకి కదిలారు. వదినతో అంటే నవ్వింది.

"నువ్వు వాళ్ళది తప్పని చెప్పావు మరిదీ. నేను టీ తాగా. అంతే."

ఇంక మిగిలింది రాకెట్టు ఒక్కడే. మీసం మీద ఒట్టు పెట్టుకున్నాడు మరి. లైనంతా ఎడమకి పోయాక వాడొక్కడే కుడి లైనులో, వెనకాల కార్ల తోకతో, హారన్ల మోతలో ఎక్కేవాడు. ఏనుగు పోయి తోక చిక్కుకున్నట్టు, లైనంతా నిండినా మా పని ఒక్క లారీ దగ్గర చిక్కుకుంది. సాయంత్రం మెట్ల మీదకి కూడా రావడం మానేశాడు. దూరంగా తన బండి మెట్టు మీద కూర్చుని, మా నవ్వులు వింటూ మీసం తిప్పుకునేవాడు. తిప్పుతున్నాడో పీక్కుంటున్నాడో తెలిసేది కాదు.

వానలు వెళ్ళాయి. ఎండ కడిగిన అద్దంలా వచ్చిన ఒక ఉదయం, నేను వదినతో బొద్దమ్మలో పైకి బయల్దేరాను. సంఘం పని ఉండి పైన ఊరికి. గ్లాసు పట్టుకునే ఉద్యోగం నాది, ఎందుకంటే వదిన గుడ్డ చుట్ట ఆరిపోయి జారుతోంది. మా ముందు ఇసుక లారీ, వెనక పాల వ్యాను, ఆ వెనక ఇంకా బారు. అందరూ టీలతో.

మూడో మలుపు తిరిగాం. మా కుడి పక్కన, సరిగ్గా మాతో సమానంగా, రాకెట్టు మూలుగుతూ ఎక్కుతున్నాడు. వదిన అద్దంలోకి చూసి పాట ఆపేసింది.

"మరిదీ, రాకెట్టు వెనక తెల్ల కారు ఎవరిది?"

వంగి చూశాను. రోడ్ల ఆఫీసు కారు. ముందు సీట్లో ఇంజనీరమ్మ. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని ఉంది. వెనక సీట్లో బట్టతల పెద్దమనిషి, గడియారం చూసుకుంటున్నాడు. ఆ కారు వెనక కార్లు, కార్లు, కార్లు. ఒక్క లారీ వల్ల కుడి లైను మొత్తం గడ్డకట్టి ఉంది. పెద్దాఫీసరు రానే వచ్చాడు, వచ్చి రాకెట్టు వెనకే ఇరుక్కున్నాడు.

నేను వదిన మీదుగా కిటికీలోకి వంగాను. "ఒరేయ్ మీసాల సన్నాసీ! ఎడమకి రారా! వెనక పెద్దాఫీసరు!"

రాకెట్టు ఖాళీ పక్క సీటు మీదుగా మా వైపు వంగి చూశాడు. "ఎవడైతే నాకేంటి? రాకెట్టు ఎడమకి తిరగదు!"

"తిరగకపోతే నీ రాకెట్టుకి నేనే నిప్పంటిస్తా! మీసం పట్టుకుని..."

వదిన మోచేత్తో నా డొక్కలో ఒక్కటిచ్చింది. "నువ్వు నోరు ముయ్యి. గ్లాసు పట్టుకో."

మూశాను. పట్టుకున్నాను.

"తమ్ముడూ!" అని పిలిచింది వదిన. రెండు ఇంజన్ల మోత మీద వినపడాలంటే అరవాలి, అరిచింది. "చీకటి పడితే నాకు కళ్ళు కనిపించవు!"

రాకెట్టు ముఖం మారింది. "ఏంటక్కా?"

"కళ్ళు! రాత్రి లైట్లు పడితే రోడ్డు కనపడదు! డాక్టరు నడపొద్దన్నాడు! ఈ లైను పోతే పగలు మనల్ని ఆపేస్తారు! నీకు నిద్ర పోతుంది, నాకు బండే పోతుంది!"

కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ముందు ఇసుక లారీవాడు తల బయటికి పెట్టి వెనక్కి చూశాడు. వెనక బావ హారన్ మీద పెట్టబోయిన చెయ్యి తీసేశాడు. ఇన్నాళ్ళు గరిటె చూపించి దాచిన మాట, ఇప్పుడు కొండంతటికీ వినపడేలా ఆమే చెప్పింది. నా మైకు ఎందుకు పనికొస్తుంది ఆ గొంతు ముందు?

"ఎప్పట్నుంచక్కా?"

"రెండేళ్ళు!"

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నీ బండి నెమ్మదని నువ్వు ఒక్కసారైనా చెప్పావా?"

రాకెట్టు నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకు నవ్వే నవ్వు, కానీ పొట్ట పట్టుకుందామంటే స్టీరింగు వదలాలి, అందుకని స్టీరింగుతో కలిపి ఊగాడు.

"లేదక్కా! చెప్పలేదు!"

"అయితే రా! నా ముందుకి రా! మీసం మళ్ళీ మొలుస్తుంది, లైను మొలవదు!"

రమ్మంటే సరిపోదు, చోటు కావాలి. నిట్టనిలువు ఎత్తు మీద, గుడ్ల లోడుతో, బండి ఆగకుండా వేగం తగ్గించాలి. ఆగితే మళ్ళీ కదలడం బొద్దమ్మ వల్ల కాదు, వెనక్కి జారినా జారుతుంది, వెనక బారు బారంతా ఉంది. వదిన ఫస్టు గేరు వేసింది. యాక్సిలేటరు మీంచి కాలు కాస్త పైకి తీసింది, మళ్ళీ కాస్త వేసింది. బొద్దమ్మ ఒళ్ళంతా వణికింది. వెనక ట్రేలు కిర్రుమన్నాయి. ఆగిపోయిందనుకున్నాను, కళ్ళు మూసుకున్నాను. ఆగలేదు. చక్రం తిరుగుతూనే ఉంది, అరంగుళం అరంగుళం. ఇసుక లారీ ముందుకి జరిగింది. మధ్యలో ఒక లారీ పట్టేంత చోటు తెరుచుకుంది.

రాకెట్టు ఎడమ ఇండికేటరు వేశాడు. వెలగలేదు. ఇరవయ్యేళ్ళలో ఎడమకి తప్పుకున్నదెప్పుడని వెలుగుతుంది? వాడు హారన్ కొట్టాడు, గట్టిగా, గర్వంగా. తెల్ల గీత మీదుగా సిమెంటు లారీ మా ముందుకి వచ్చి చేరింది. ఎడమ లైనులో ఉన్న ప్రతి బండీ హారన్ మోగించింది. కొండ దద్దరిల్లింది.

కుడి లైను మూత తీసిన సీసాలా ఖాళీ అయింది. కార్లు సాఫీగా మమ్మల్ని దాటిపోయాయి. ఆఫీసు కారు దాటుతుంటే ఇంజనీరమ్మ కిటికీలోంచి సగం బయటికి వచ్చి చేతులూపింది. నేనూ ఊపాను. గ్లాసున్న చెయ్యి ఊపాను. ఆ సంగతి నా తొడకి తర్వాత తెలిసింది.

పైన మార్కెట్టు దగ్గర పెద్దాఫీసరు కారు దిగి నిలబడి ఉన్నాడు. మేం బండ్లు ఆపి దిగాం. ఆయన నేరుగా రాకెట్టు దగ్గరకి వెళ్ళాడు.

"ఏమయ్యా, అంతసేపు కుడి లైనులో మమ్మల్ని ఆపి, చివర్న ఎడమకి ఎందుకు వెళ్ళావు?"

వీడు ఏం కూస్తాడో. రాకెట్టు మీసం మీద చెయ్యేశాడు. వదిన వైపు చూశాడు. చెయ్యి తీశాడు.

"నా బండి నెమ్మది సార్."

ఎవడైనా నవ్వుతాడేమోనని చుట్టూ చూశాను. నవ్వితే తన్నడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ నవ్వలేదు. ఇసుక లారీవాడు ముందుకొచ్చాడు.

"నాది ఇంకా నెమ్మది సార్."

"నీదేంట్రా?" అని తోసుకొచ్చాడు బావ. "నా వ్యాను చూడండి సార్, పాలు పైకి వచ్చేసరికి పెరుగవుతాయి!"

"నా బండి ముందు నత్త నయం సార్!"

"మొన్న నన్ను ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ దాటిపోయింది!"

"నన్నయితే ఆగి, నీకేమైనా సాయం కావాలా నాయనా అని అడిగింది!"

ఇంతకాలం ఎవడి బండీ నెమ్మది కాని చోట, ఇప్పుడు ఎవడి బండి ఎక్కువ నెమ్మదో అని కలబడేలా ఉన్నారు. వదిన నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది. ఇంజనీరమ్మ గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతోంది. పెద్దాఫీసరుకి ఏం అర్థమైందో తెలియదు. ఆయన కొండ అంచుకి వెళ్ళి కిందకి చూశాడు. ఎడమ లైనులో లారీలు వరసగా, కుడి లైనులో కార్లు జారుతున్నట్టు. చాలాసేపు చూశాడు.

నేను జేబులోంచి ఉపన్యాసం తీసి గొంతు సవరించుకున్నాను.

"ఈ లైను ఉంచుదాం," అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే. "పగటి నిషేధం కాగితం చింపెయ్యండి." తర్వాత కళ్ళు చికిలించి, "ఈ లైను శిఖరానికి ఇవతలే ఎందుకు ఆపారు? పైదాకా పొడిగించండి," అన్నాడు. కారెక్కాడు, పోయాడు.

ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నాను. గెలిచినప్పుడు కూడా మాట్లాడనివ్వరు ఈ ఆఫీసువాళ్ళు.

రాకెట్టుని అందరూ ఎత్తుకున్నారు. ఎత్తుకుని నేరుగా మార్కెట్టు మూల మంగలి కొట్టుకి మోసుకుపోయారు. "మీసం ఉంచుకో తమ్ముడూ, ఒట్టు నేను తీసేస్తున్నా," అని వదిన వెనకనుంచి అరిచింది గానీ, వాడే ఒప్పుకోలేదు. మాటంటే మాటే అన్నాడు. మీసం తీశాక చూస్తే పదో తరగతి పిల్లాడిలా ఉన్నాడు. మూతి తడుముకుంటూ, "గాలి భలే తగుల్తోందిరా," అన్నాడు.

నేను తిరిగొచ్చేసరికి వదిన గుడ్లన్నీ దించేసింది. ట్రేలు ఖాళీ. డ్రైవరు సీట్లో కూర్చుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తోంది. ఫోన్ చెవి దగ్గరుంది. అవతల అన్నయ్య.

"ఇంకో లోడు సర్దు, దిగి వస్తున్నా."

"ఇంకోటా? ఇవాళ గెలిచారు కదే, సంతోషంగా ఇంటికొచ్చి అన్నం తిను. రేపు వేద్దువుగాని."

"రేపూ వేస్తా," అంది వదిన, బొద్దమ్మని స్టార్టు చేస్తూ. "ఇవాళా వేస్తా. ఇంకా బోలెడు ఎండ ఉంది."